అమలాపురం నుంచి డాలస్‌కి అమ్మానాన్నల్ని పంపాలంటే ఏ దారి మేలు

ఈ రెండు నెలల్లో మా వీధిలోనే ముగ్గురు అడిగారండి, అమలాపురం నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు పడుద్ది అని. మొన్న ఎదురింటి పిన్నిగారైతే ఫోన్ పట్టుకునే వచ్చారు. "ఒక చోట 14,400 కిలోమీటర్లు అంటాడు, ఇంకో చోట 23 గంటలంటాడు, మా వాడు పంపిన టికెట్ మీద చూస్తే 31 గంటలుంది, ఏది నిజం బాబూ" అన్నారు. "ఆయ్, అన్నీ నిజమేనండి పిన్నిగారూ, ఒక్కోటి ఒక్కో లెక్క" అన్నాను. కూర్చోబెట్టి గంట సేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే కోనసీమలో అమెరికాలో పిల్లలు లేని వీధి లేదు ఇప్పుడు, టికెట్ బుక్ చేసేది అక్కడున్న పిల్లలు, ప్రయాణం చేసేది ఇక్కడున్న పెద్దాళ్ళు. మా అక్కావాళ్ళు డాలస్‌లో ఉంటారు, అమ్మని రెండుసార్లు, బావగారి అమ్మానాన్నల్ని ఒకసారి నేనే దగ్గరుండి ఎక్కించాను.

ముందు దూరం సంగతి. మా అబ్బాయి స్కూలు గ్లోబు ఒకటి ఇంట్లో ఉంది, దాని మీద దారం పెట్టి చూశాను. మ్యాపులో చూస్తే అమెరికా పడమర వైపు ఉంటది కదా, దారం అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోద్దనుకుంటాం. బిగించి లాగితే దారం జారిపోయి పైకి, ఉత్తర ధ్రువం మీదకి పోయింది! కారణం ఏంటంటే అమలాపురం 82 డిగ్రీల తూర్పు గీత మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర గీత మీద ఉంది, కలిపితే 179. ఇంకొక్క డిగ్రీ అయితే సరిగ్గా భూమికి అవతలి వైపు గీతే అయ్యేది. అంటే సూర్యుడి లెక్కన మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం అయితే వాళ్ళకి దాదాపు అర్ధరాత్రి అన్నమాట, గడియారం లెక్క కొంచెం వేరు. ఆ దారం పొడవు సుమారు 14,500 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి కొలిస్తే 14,400. నెట్‌లో చూపించేది ఈ నంబరే, కానీ హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆగకుండా పోయే విమానం లేదు, కాబట్టి ఆ దారి మీద ఎవరూ వెళ్ళరు.

నిజంగా వెళ్ళే దారులు ఏంటంటే, గల్ఫ్ మీదుగా అయితే దోహా లేదా దుబాయ్, యూరప్ మీదుగా అయితే లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్. హైదరాబాద్ నుంచి దోహా 2,900 కిలోమీటర్లు, అక్కడ నుంచి డాలస్ 12,750. దుబాయ్ అయితే 2,550, ఆ తర్వాత 12,900. లండన్ అయితే 7,750 మొదట, 7,640 తర్వాత. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 7,100, తర్వాత 8,250. ఇవన్నీ కూడి చూడండి, అన్నీ 15,350కి 15,650కి మధ్యలోనే వస్తాయి. నాలుగు దారులకీ తేడా మహా అయితే 300 కిలోమీటర్లు, గంటకి 900 పోయే విమానానికి అది ఇరవై నిమిషాలు. అందుకే దూరం చూసి దారి ఎంచుకోవడం అనవసరం అండి, ఆ నంబరు ఒకసారి చూసి వదిలేయండి. చూడాల్సింది ఆ దూరం ఎన్ని ముక్కలుగా తెగింది, ఎక్కడ తెగింది అన్నది.

ఇక టైము. టికెట్ మీద ఎక్కే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది వేస్తారు, రెండూ తీసేసి గంటలు లెక్కేస్తే తప్పు వస్తది. ఉదాహరణకి తెల్లవారుజామున 4కి హైదరాబాద్‌లో ఎక్కి అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి డాలస్‌లో దిగుతారు అని ఉందనుకోండి, చూసినవాళ్ళు పన్నెండున్నర గంటలే అనుకుంటారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర, మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం మారుస్తారు. పన్నెండున్నరకి పదిన్నర కలిపితే 23 గంటలు, అదీ అసలు లెక్క. ఇందులో గాల్లో ఉండేది ఇరవై ఇరవైఒక గంటలు, మిగతాది మధ్యలో ఆగడం. 31 గంటలు చూపించే టికెట్ దూరం ఎక్కువై కాదు, మధ్యలో పది గంటలు కుర్చీలో కూర్చోబెడతారు, అందుకే చవక.

కానీ నేను ఈ 23ని కూడా నమ్మొద్దంటాను. గడప నుంచి గడప దాకా లెక్కెయ్యాలి. మన ఇంటి దగ్గర కారెక్కిన దగ్గర నుంచి అక్కావాళ్ళ ఇంట్లో చెప్పులు విడిచే దాకా. అలా లెక్కేస్తే అమ్మకి మొదటిసారి 41 గంటలు పట్టింది, రెండోసారి మధ్యలో ఒక రోజు హైదరాబాద్‌లో ఆగింది కాబట్టి గంటలు ఇంకా ఎక్కువే అయ్యాయి, కానీ దిగినప్పుడు మనిషి బాగుంది. ఆ తేడా ఎక్కడొచ్చిందంటే అమలాపురానికీ శంషాబాద్‌కీ మధ్యనే వచ్చింది. అందరూ ఫ్లైట్ గురించి పది రోజులు వెతుకుతారు, ఈ ముక్కని మాత్రం "ఏదో కారు మాట్లాడుకోండి" అని వదిలేస్తారు.

మనకి మూడు దారులున్నాయి. ఒకటి కారు, రావులపాలెం దగ్గర హైవే ఎక్కి సిద్ధాంతం బ్రిడ్జి దాటి తణుకు, ఏలూరు, విజయవాడ, సూర్యాపేట, పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కితే సిటీలోకి వెళ్ళకుండా శంషాబాద్, మొత్తం 440 కిలోమీటర్లు అటూ ఇటూ, ఎనిమిది తొమ్మిది గంటలు. లగేజీ గొడవ లేదు, ఇంటిల్లిపాదీ వెళ్ళి సాగనంపొచ్చు. కానీ అరవై దాటినవాళ్ళని తొమ్మిది గంటలు కారులో కూర్చోబెట్టి, నాలుగు గంటలు ఎయిర్‌పోర్టులో నిలబెట్టి, ఆ తర్వాత 16 గంటల విమానం ఎక్కిస్తే కాళ్ళు బూరెల్లా ఉబ్బిపోతాయి. అమ్మకి మొదటిసారి అదే జరిగింది, డాలస్‌లో దిగాక రెండు రోజులు చెప్పులు పట్టలేదు.

రెండోది రాజమండ్రి విమానం. మధురపూడి మనకి 80 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటల్లో పోతాం, అక్కడి నుంచి హైదరాబాద్ 360 కిలోమీటర్లు, గంటా పావు. వినడానికి ఇదే బాగుంటది. బావగారి అమ్మానాన్నలకి ఇదే బుక్ చేశారు, చవకని విడిగా రాజమండ్రి టికెట్ ఒకటి, హైదరాబాద్ నుంచి అమెరికా టికెట్ ఒకటి. అమెరికా టికెట్‌కి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, దేశంలో తిరిగే టికెట్‌కి మనిషికి 15 కిలోలు. ఇద్దరివీ కలిపి నాలుగు పెట్టెలు, 90 కిలోల పైమాట, ఒప్పుకునేది 30. ఆ కౌంటర్ దగ్గర కాటా మీద ఎర్ర అంకెలు చూసి మామయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు, అత్తయ్యగారు మాత్రం నేల మీదే కూర్చుని పెట్టె తెరిచారు, ఆవకాయ డబ్బాకి నేను చుట్టిన బ్రౌన్ టేపు వేళ్ళతో వెతుకుతూ ఏది తీసెయ్యనూ అని చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. చివరికి ఎక్స్‌ట్రా డబ్బులు కట్టాం, కట్టింది రెండు టికెట్ల మీద మిగిలిన దానికంటే ఎక్కువ. అందుకని రాజమండ్రి నుంచి వెళ్ళాలంటే రాజమండ్రి నుంచి డాలస్ దాకా ఒకే టికెట్, ఒకే పీఎన్నార్ మీద ఉండాలి. అప్పుడు సాధారణంగా అమెరికా లగేజీయే మొదటి నుంచీ వర్తిస్తది, మధ్యలో ఫ్లైట్ లేటయి తర్వాతది పోయినా వాళ్ళే ఇంకోటి ఎక్కించాలి. విడి టికెట్లయితే మొదటిది లేటయిందని రెండో వాళ్ళకి చెప్పుకున్నా వినరు. కొనే ముందు లగేజీ ఎంతో టికెట్ మీద రాసి ఉందో లేదో చూడండి, నోటి మాట నమ్మొద్దు.

మూడోది రైలు, నేను పెద్దాళ్ళకి చెప్పేది ఇదే. అమలాపురానికి రైలు లేదు, బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో మొదలైన కోటిపల్లి–నరసాపురం లైను పాతికేళ్ళయినా పూర్తి కాలేదు, అది వచ్చుంటే ఈ పేరా రాసే పనే ఉండేది కాదు. కాబట్టి రాజమండ్రి దాకా కారులో వెళ్ళి రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, రాజోలు, మలికిపురం వైపు వాళ్ళయితే చించినాడ బ్రిడ్జి దాటి నరసాపురంలోనో పాలకొల్లులోనో హైదరాబాద్ వెళ్ళే రైలు ఎక్కొచ్చు. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్తు కోటా ఉంటది, ఏసీలో కాళ్ళు చాపుకుని పడుకుని పొద్దున్నే దిగుతారు. ఆ పగలంతా హైదరాబాద్‌లో చుట్టాలింట్లో స్నానం, భోజనం, మధ్యాహ్నం ఒక కునుకు, రాత్రి 12కి ఎయిర్‌పోర్టు. ఒక రోజు ఎక్కువైనట్టు కనపడుద్ది కానీ ఒళ్ళు అలవదు, పైగా రోడ్డు మీద ఏదైనా అయితే సర్దుకోడానికి ఒక రోజు చేతిలో ఉంటది.

గల్ఫా, యూరపా అన్నది అసలు ఎంపిక. గల్ఫ్ దారిలో మొదటి ముక్క చిన్నది, నాలుగు నాలుగున్నర గంటలు, రెండో ముక్క పెద్దది, 16 గంటల పైన. యూరప్ దారిలో రెండూ దాదాపు సమానం, లండన్ అయితే పదీ పదీ, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే తొమ్మిదీ పదకొండూ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, షుగరు ఉండి రెండు గంటలకోసారి లేవాల్సినవాళ్ళకి, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ఇబ్బంది ఉన్నవాళ్ళకి సమానంగా తెగిన దారి మేలని నాకనిపిస్తది, మధ్యలో దిగి నడిచి, ముఖం కడుక్కుని మళ్ళీ ఎక్కొచ్చు. అలాంటివాళ్ళు ముందు డాక్టరు గారిని అడగాలి, కాళ్ళకి వేసుకునే బిగుతు సాక్సు ఆయన రాస్తే అవి వేసుకునే ఎక్కాలి. ఒంట్లో బానే ఉండి, ఇంగ్లీషు రాక భయపడేవాళ్ళకి మాత్రం దోహా, దుబాయే. ఎందుకంటే ఆ ఎయిర్‌పోర్టుల్లో మన భాషలవాళ్ళు అడుగడుక్కీ ఉంటారు, అమ్మకి దోహాలో వీల్‌చెయిర్ తోసిన కుర్రాడితో హిందీ ముక్కలతోనే నెగ్గుకొచ్చింది, పక్క కుర్చీలో భీమవరం ఆవిడ దొరికింది, మూడు గంటలు ఎలా గడిచాయో తెలీలేదంది. లండన్‌లో అయితే ఒక్కోసారి టెర్మినల్ మారాల్సి వస్తది, బస్సెక్కాలి, మళ్ళీ సెక్యూరిటీ, కొత్తవాళ్ళకి కంగారు.

గల్ఫ్ దారికి ఒక లోపం కూడా చెప్పాలి. అక్కడ గొడవలొచ్చినప్పుడు ఆకాశం మూసేస్తారు. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు మూసేస్తే విమానాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాబట్టి టికెట్ కొనే వారంలో వార్తలు చూసుకోండి, ఆ ప్రాంతంలో వాతావరణం వేడెక్కి ఉంటే రెండు డబ్బులు ఎక్కువైనా ఫ్రాంక్‌ఫర్టో లండనో తీసుకోండి. అక్కడ ట్రాన్సిట్ వీసా సంగతి ఏంటని భయపడతారు, పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉండి అమెరికాకే వెళ్తుంటే మామూలుగా అడగరు, అయినా రూల్స్ మారుతుంటాయి, బుక్ చేసే రోజున చూసుకోవాలి.

మధ్యలో ఎంతసేపు ఆగాలి అంటే మూడు గంటలు, నాలుగు దాకా పర్లేదు. గంటన్నర ఉన్న టికెట్ ఎప్పుడూ కొనొద్దు. మొదటి విమానం ముప్పావు గంట లేటైతే చాలు, పెద్దాళ్ళు పరిగెత్తలేరు.

ఢిల్లీ నుంచి న్యూయార్క్ వైపు ఆగకుండా పోయే విమానం ఎక్కించేసి అక్కడి నుంచి డాలస్‌కి ఇంకోటి ఎక్కించొచ్చు కదా అని కొందరు పిల్లలు అంటారు. యువకులకి సరే. పెద్దాళ్ళకి వద్దు. అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి, డాలస్ దాకా ట్యాగు వేసి ఉన్నా సరే. 23 కిలోల పెట్టెలు రెండు, మీ అమ్మగారు ఒక్కరే, చుట్టూ తెలీని మనుషులు. అదే నేరుగా డాలస్‌లో దిగే విమానమైతే ఆ పనంతా డాలస్‌లోనే, తలుపు దాటితే పిల్లలు ఎదురుగా ఉంటారు. దారి ఎంచేటప్పుడు నేను మొదట చూసేది ఇదే, ఆఖరి విమానం పిల్లలున్న ఊళ్ళోనే దిగుతుందా లేదా అని. పైగా 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశపు విమానాలకి మూసేశాక ఢిల్లీ నుంచి పడమరకి వెళ్ళే మన విమానాలకి చుట్టు ఎక్కువైంది. పిల్లలు చికాగోలోనో న్యూయార్క్‌లోనో ఉన్నవాళ్ళకి అబుదాబి దారి బాగుంటది, అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోద్ది, అక్కడ దిగాక లోపలి ప్రయాణికుల్లా నడిచి బయటికొచ్చేస్తారు.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా మనకి తుపానుల కాలం, 1996 నవంబర్ 6 రాత్రి మర్చిపోయినవాళ్ళు కోనసీమలో లేరు, మొన్న 2025 అక్టోబర్ 28న మొంథా కూడా మన తీరాన్నే దాటింది. అలాంటి రోజుల్లో ముందు ఆగిపోయేది రైళ్ళు, రాజమండ్రి విమానాలే. జులై, ఆగస్టులో గోదావరి వరద, లంక గ్రామాలవాళ్ళు పడవ మీద రోడ్డుకి రావాల్సి ఉంటది. ఈ నెలల్లో వెళ్ళేవాళ్ళు రెండు రోజులు ముందే హైదరాబాద్ చేరిపోండి. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మంచు గురించి చెప్పక్కర్లేదు.

లగేజీ గురించి రెండు ముక్కలు, ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. మన చెట్టు కొబ్బరికాయలని కురిడీలు కట్టి పెట్టెలో పెడతాం, ఎండుకొబ్బరి నూనె ఉంటది కాబట్టి నిప్పంటుకునే వస్తువు కింద లెక్క, చెక్‌ఇన్ పెట్టెల్లో పెట్టనివ్వరు. కరివేపాకు, మామిడిపళ్ళు, కోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాలో రానివ్వరు, దొరికితే చెత్తబుట్టలో వేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా. ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు తీసుకెళ్ళొచ్చు, తిండి ఉందని అడిగినప్పుడు ఉందని చెప్పాలి, అమ్మ "పికిల్, స్వీట్" అని రెండు మాటలు చెప్పింది, వెళ్ళమన్నారు. కారప్పొడి, సున్నిపిండి లాంటి పొడులు 350 మిల్లీలీటర్ల కొలత దాటితే చేతి సంచిలో వద్దు, అమెరికా విమానాలకి పొడుల మీద ప్రత్యేకంగా తనిఖీ ఉంటది, పెద్ద పెట్టెలోనే పెట్టండి. మందులు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టొద్దు, చీటీతో సహా చేతి సంచిలోనే.

తిరుగు ప్రయాణం కొంచెం తేలికండి. పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తది, వెనక నుంచి తోస్తది కాబట్టి డాలస్ నుంచి దోహాకి పద్నాలుగున్నర గంటల్లోనే వచ్చేస్తారు, గంటన్నర రెండు గంటలు ఆదా. ఇక్కడ ఎవరికైనా ప్రాణం మీదకి వచ్చి అక్కడి నుంచి ఆఖరి చూపుకి పరిగెత్తుకొచ్చేవాళ్ళకి మాత్రం నేను చెప్పిన రైలు, చుట్టాలిల్లు లెక్కలేవీ పనికిరావు. చిన్న సంచితో వస్తారు కాబట్టి 15 కిలోల గొడవ ఉండదు, డాలస్ నుంచి రాజమండ్రి దాకా ఎవరు ముందు చేరిస్తే వాళ్ళ టికెట్ కొనండి, మధురపూడికి కారు మీరు పంపండి. విజయవాడ గన్నవరం కూడా చూడండి, ఒక్కోసారి ఆ విమానం ముందు దొరుకుద్ది, అక్కడి నుంచి అమలాపురం మూడు మూడున్నర గంటలే.

పిన్నిగారికి ఆఖరికి ఏం బుక్ చేశామంటే, రాజమండ్రి నుంచి గౌతమిలో లోయర్ బెర్తు, హైదరాబాద్‌లో వాళ్ళ ఆడపడుచు ఇంట్లో పగలంతా, తర్వాత దోహా మీదుగా డాలస్, మధ్యలో మూడు గంటల పది నిమిషాలు, వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడిగాం, ఐల్ సీటు, శాకాహారం ముందే చెప్పాం. వాళ్ళ అబ్బాయి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, ఎన్నాళ్ళు ఉంటారు, తిరుగు టికెట్ ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో, కింద తెలుగులో రాసి రెండు కాపీలు ఇచ్చాను, ఒకటి పర్సులో, ఒకటి పాస్‌పోర్టు అట్టలో. పెట్టెలు ఒక్కోటి 22 కిలోల దగ్గర ఆపేశాం, మా ఇంట్లో బియ్యం తూచే వేలాడే కాటాతోనే తూచాం.

"మరి మొత్తం ఎన్ని గంటలు బాబూ?" అని గుమ్మం దగ్గర మళ్ళీ అడిగారు. శనివారం సాయంత్రం ఇక్కడ కారెక్కితే సోమవారం రాత్రి ఏడింటికి వాళ్ళ గడియారం ప్రకారం మీ మనవరాలి దగ్గరుంటారండి, ఆ టైముకి మనకి మంగళవారం పొద్దున్న ఐదున్నర, మీరు ఫోన్ చెయ్యండి, మేం లేచే ఉంటాం అన్నాను.